పెద్దలను నొప్పించకుండా మా కాలనీలో మట్టి గణపతికి ఒప్పించడం ఎలా?

అందరికీ నమస్తే. మాది మల్కాజిగిరి వైపు ఒక పాత కాలనీ. ఈసారి చవితికి ప్లాస్టర్ విగ్రహం వద్దు, మట్టిదే పెడదామని మేం కొందరం అంటున్నాం. కమిటీ పెద్దలేమో "ఇన్నేళ్లుగా వస్తున్న పద్ధతి, ఇప్పుడు మార్చడమెందుకు" అంటున్నారు. చందాల దగ్గర్నుంచి అన్నదానం దాకా అన్నీ భుజాన వేసుకున్నది వాళ్లే. వాళ్లు లేకపోతే మా దగ్గర పండగే లేదు. అందుకే గొడవ పెట్టుకోవాలని లేదు.

నిజానికి పాత ఆచారమే మట్టిది. మట్టితో చేసి, పత్రితో పూజించి, నీళ్లలో కలిపేవాళ్లు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలా కరగదు. హుస్సేన్ సాగర్‌లో ఆ విగ్రహాల నిమజ్జనం వద్దని 2021లో హైకోర్టు చెప్పింది కూడా. ఎత్తు తగ్గుతుందని ఒక అంకుల్ బాధ. కానీ 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల గణపతినే మట్టితో చేశారు కదా!

రాజ్యాంగం 51ఎ అధికరణలో మన వారసత్వాన్ని గౌరవించడం, ప్రకృతిని కాపాడడం, శాస్త్రీయంగా ఆలోచించడం అన్నీ పౌరుల విధులే. నాకు అది చాలా నచ్చుతుంది. అయితే మీటింగ్‌లో చట్టం చదివితే పెద్దవాళ్లకు బెదిరింపులా అనిపిస్తుందేమోనని టెన్షన్.

మీ కాలనీలో ఇలాంటి మార్పు జరిగి ఉంటే చెప్పండి. ముందు ఎవరితో మాట్లాడారు? అందరి ముందు చర్చ పెట్టారా, ఇళ్లకు వెళ్లి అడిగారా? వానకు విగ్రహం తడవకుండా మండపం ఎలా వేశారు? పెద్దలు పదేపదే అడుగుతున్నది ఇదే.