అప్‌డేట్: మొత్తానికి జీ29 గేమింగ్ స్టీరింగ్ తెచ్చుకున్నా

పోయిన నెల అడిగినా కదన్నా, పీఎస్4కి (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్‌కి) లాజిటెక్ కంపెనీ స్టీరింగుల్లో జీ29 తీసుకోవాలా జీ920 తీసుకోవాలా అని, 920 ఎక్స్‌బాక్స్‌కీ పీసీకే గానీ ప్లేస్టేషన్‌కి పని చేయదని చెప్పి ఆపినోళ్లకి శానా థ్యాంక్స్. కావలిలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌ జీ29 దొరికింది, నెల్లూరు నుంచి బస్సెక్కి పోయి, ఆడనే ప్లగ్ పెట్టించి స్టీరింగ్‌ని 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు, ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చూసుకోనే తెచ్చినా. దీంతో వచ్చే బ్రేక్ పెడల్ లోపల రబ్బరు ముక్క ఉంటది కాబట్టి కొంచెం దిగి ఆగినట్టుంటది, బలంగా తొక్కాల. మా ఇంట్లో నున్నటి బండలు, తొక్కినప్పుడల్లా పెడల్స్ ముందుకి జారతా ఉన్నాయి, గోడకి ఆనిచ్చి కింద గోనెసంచి పరిచినాక ఇంక కదల్లా. గేమ్‌లో మలుపు తిప్పేటప్పుడు టైరు పట్టు తప్పేది చేతికి తెలస్తా ఉంటే, అబ్బా, మళ్లీ గేమ్‌ప్యాడ్ పట్టబుద్ధి కాలా!