నాన్నకి టీబీ వల్ల రక్తనాళం ఉబ్బింది, పొట్ట కోయకుండా స్టెంట్ వేస్తే చాలా?

తెనాలి కుర్రాడు:
నాన్నకి 61 ఏళ్లు. సాయంత్రమైతే జ్వరం, నడుము నొప్పి. ఎమ్మారైలో వెన్నెముక టీబీ అని తేలింది. దాని పక్కనే పొట్టలోని పెద్ద ధమని గోడ ఒకవైపు ఉబ్బిందని సీటీ యాంజియోలో (రక్తనాళాల స్కాన్‌లో) వచ్చింది. గజ్జ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ వేస్తామంటున్నారు. ఇన్ఫెక్షన్ ఉన్నచోట వేయొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్:
తమ్ముడూ, నేను క్యాథ్‌ల్యాబ్ నర్సుని, అంటే రక్తనాళాల్లోంచి గొట్టాలు పంపి స్టెంట్లు వేసే చోట పనిచేస్తాను. నువ్వు అడగాల్సిన ప్రశ్నే అడిగావు. టీబీ వెన్ను నుంచి పాకి ధమని గోడని తినేస్తుంది. ఆ ఉబ్బు ఎప్పుడు చిట్లుతుందో చెప్పలేం, చిట్లితే ఆసుపత్రికి చేరే టైమ్ కూడా ఉండకపోవచ్చు. అందుకే తొందరపడుతున్నారు.

ఈ స్టెంట్ గ్రాఫ్ట్ గుండెకి వేసే స్టెంట్ లాంటిది కాదు. లోహపు జాలీకి గుడ్డ తొడిగిన గొట్టం. దాన్ని ముడిచి తొడ మొదట్లోని ధమనిలోంచి పైకి పంపి, తెర మీద చూస్తూ విప్పుతారు. ఇక రక్తం గొట్టంలోంచే పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి పడదు. పొట్ట కోసి చేస్తే పాడైన గోడని తీసేయొచ్చు, కానీ జ్వరంతో చిక్కిపోయిన మనిషికి అది చాలా పెద్ద ఆపరేషన్.

గ్రాఫ్ట్ ఆ ఉబ్బుని చిట్లకుండా కాపాడుతుంది, అంతే. టీబీని చంపేది మాత్రలే. ఇన్ఫెక్షన్ ఉన్నచోట లోహం వేయొచ్చా అన్నావు కదా, వెన్ను టీబీలో రాడ్లు, స్క్రూలు వేసి మందులతో నయం చేయడం ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే గ్రాఫ్ట్‌కి ఇన్ఫెక్షన్ పట్టే ప్రమాదం పూర్తిగా పోదు, అందుకే తర్వాత కూడా సీటీలు తీయిస్తారు. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులు. ఇలాంటివాటికి ఏడాదో, అంతకు మించో వాడమంటారు.

అనంతపురం అక్క:
మా అత్తగారికీ వెన్ను టీబీయే. జ్వరం తగ్గగానే ‘ఇంక మాత్రలెందుకు’ అని ఒకటే గొడవ. రోజూ ఎదురుగా కూర్చుని మింగించాను. టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు రాయించండి, పోషణకి నెలకి 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి.

తెనాలి కుర్రాడు:
థాంక్స్ అక్కా. సిస్టర్, నాన్న బీపీకి ఆమ్లోడిపిన్ వాడతారు. టీబీ మందులతో పడుతుందా?

క్యాథ్‌ల్యాబ్ సిస్టర్:
ఇది డాక్టర్‌కి తప్పకుండా చెప్పు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల ఆమ్లోడిపిన్ పనితనం బాగా తగ్గిపోతుంది. ధమని ఉబ్బిన మనిషికి బీపీ పెరగకూడదు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, డోసు మార్చొద్దు. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకుని రోజూ రాసిపెట్టు. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగే. కానీ నడుము నొప్పి ఒక్కసారిగా పెరిగినా, కళ్లు తిరిగి పడిపోయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చెయ్యి.