ఇమ్యునోథెరపీలో బొల్లి మచ్చలు వచ్చినోళ్లు ఎవరన్నా ఉన్నారా?

అందరికీ నమస్కారం, మాది కావలి పక్కన పల్లె. మా నాయనకి 61 ఏళ్లు, అరికాల్లో నల్ల మచ్చ లేస్తే పొలంలో ముల్లు గుచ్చుకుందేమోలే అని ఏడాది వదిలేశాం, తీరా గజ్జల్లో బిళ్ల కట్టాక బయాప్సీ చేస్తే మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అన్నారు. 21 రోజులకొకసారి పినాకిని రైల్లో చెన్నై తీసుకెళ్లి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (క్యాన్సర్ మీద ఒంట్లోని రోగనిరోధక శక్తినే మేలుకొలిపేది) ఎక్కిస్తా ఉన్నాం.

నాలుగో డోస్ అయ్యాక వేళ్ల మీద, కనుబొమ్మల్లో తెల్లగా బొల్లి మాదిరి వచ్చింది. ఊళ్లోవాళ్లు రోగం ముదిరిందంటున్నారు, అమ్మ ఒకటే ఏడుపు. డాక్టరేమో ఈ క్యాన్సర్ చర్మానికి రంగిచ్చే కణాల్లోనే పుడుతుంది కాబట్టి మందుతో మేలుకున్న రోగనిరోధక కణాలు మంచి రంగు కణాల మీద కూడా పడతాయి, ఇలా వచ్చినోళ్లలో మందు బాగా పనిచేయడం ఎక్కువగా చూస్తాం అన్నారు. అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాం, కానీ వారం నుంచి రోజుకి ఆరేడు సార్లు విరేచనాలు, పేగుల మీద కూడా అదే దాడి అంట, డోస్ ఆపి స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు.

స్టెరాయిడ్ అంటే ఇమ్యూనిటీని అణిచేది కదా, మరి క్యాన్సర్ మీద పోరాటం కూడా ఆగిపోతుందా? ఇట్లా ఆపి మళ్లీ మొదలుపెట్టినోళ్లు ఉంటే ఎన్నాళ్లు పట్టింది, తిండి ఏం పెట్టారు? నాయనకి పెరుగన్నం రెండు ముద్దలు కూడా దిగట్లేదు. దయచేసి చెప్పండి.