అడుగు కదలకున్నా, కదపకున్నా?

దేవుని కడప:
నిన్న ఇంట్లో చేపల తొట్టి కడుగుతున్నా. నీళ్లు నింపిన పైపు ఒక కొసను గులకరాళ్ల మీద పెట్టి, రెండో కొస కింద బకెట్లోకి వదిలితే మడ్డి బాగానే దిగుతోంది. ఆత్రం కొద్దీ పైపుతో రాళ్లు కెలికాను. తొట్టంతా రాగి అంబలి! చేపలు మాయమయ్యాయి గానీ మా జేజి చదివే పద్యపాదం గుర్తొచ్చింది: "అడుగు కదలకున్న నంతయుఁ దేటయే". తక్కిన మూడు పాదాలు ఎవరికైనా వచ్చా?

కొండారెడ్డి బురుజు:
కదల కాదు, కదప. ఎవరో కెలికితేనే కదా కలక.

తాడిపత్రి నాపరాయి:
రెండూ న గణమే, ఛందస్సు తేల్చదు. అ-అం యతికీ దీంతో పనిలేదు. నా మటుకు అది "కలఁగ". అరసున్న జారి, తర్వాత నోట్లో నలిగి "కదల" అయ్యుంటుంది.

పెన్న ఇసుక:
అడుగంటే తొట్టి అడుగేనా? పాదం కాకూడదా? ఎండాకాలం పెన్నలో చెలమ తీసేవాళ్లం. మొదట ఊరిన నీళ్లు చిమ్మేసి, గట్టున కదలకుండా కూర్చోవాలి. ఒక్కడు కాలు కదిపినా ఇసుక జారి మళ్లీ కలకే. ఇది చెలమ దగ్గర పుట్టిన మాట.

కొండారెడ్డి బురుజు:
మా వైపు చెలిమ.

తాడిపత్రి నాపరాయి:
ఆటవెలది కనుక వేమనకు అంటగట్టేరు! ఆ నడక వేరు. "నీళ్ళలోన మొసలి" అన్నాడంటే రెండో పాదానికల్లా బయట కుక్క సిద్ధం. ఇక్కడ అంత ఒడుపు ఏది?

దేవుని కడప:
ఒక్క పాదం చూసి ఎట్ల చెప్తావన్నా? బ్రౌన్ దొర 1820లో మా కడపకొచ్చాడు, 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు. ఆయన చేతికి చిక్కనివి జేజిల దగ్గర మిగిలుండవా?

కొండారెడ్డి బురుజు:
ఉంటాయి. "నంతయుఁ" అని అరసున్నతోనే చదివేదా మీ జేజి?

దేవుని కడప:
అది నేను పెట్టిందిలే.

తుంగభద్ర గట్టు:
పద్యం సరే, అడుగున పేరుకున్నదాన్ని ఏమంటారు? ఆవుది పేడ, మేకది పెంటిక, గుర్రానిది లద్దె, పిట్టది రెట్ట. మరి చేపది?

పెన్న ఇసుక:
మడ్డి అన్నారుగా.

తుంగభద్ర గట్టు:
మడ్డి నూనెకు. పైగా ఇందులో తినకుండా వదిలేసిన మేత కూడా ఉంటుంది. అది కుళ్లితే అమ్మోనియా. అందుకే "కదపకున్న" పాఠం చేపలకు ప్రమాదం! వారానికోసారి కదపాల్సిందే. వెడల్పు మూతి గొట్టాన్ని రాళ్లలో గుచ్చితే రాయి కాస్త లేచి కింద పడుతుంది, తేలికైన మురికి పైపులో పోతుంది. రాళ్లు నీళ్లలో కొట్టుకుపోయేంతగా కెలక్కూడదు. నాలుగో వంతు నీళ్లు తీస్తే చాలు. రాళ్లన్నీ బయటికి తీసి తోమారో, వాటికి పట్టిన బ్యాక్టీరియా పోతుంది. అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చేది అదే.

కొండారెడ్డి బురుజు:
మష్టు అనొచ్చు.

తాడిపత్రి నాపరాయి:
మష్టు సరే. "కలఁగ" సంగతి ఎవరూ మాట్లాడరేం?

దేవుని కడప:
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశా. జేజి ఆ మాట చెలమ దగ్గరా అనలేదట, చెరువు దగ్గరా అనలేదట. చారు వంచేటప్పుడు మా నాయన గరిటె అడుక్కు పోనిస్తే అనేదట. తక్కిన పాదాలు అమ్మకూ రావు.

తాడిపత్రి నాపరాయి:
చారైతే "కలఁప" కావచ్చు. అదీ న గణమే.