పాత కీర్తనలు మూడో చరణానికే చల్లారిపోతున్నాయి, శ్రుతి తాళం ఎట్ల సరిచేయాలి?

హనుమకొండ క్వయిర్:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం 80 మంది దాకా కూడుతరు. ఒక కీబోర్డు, డోలక్, రెండు మైకులు ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి పాట ఎత్తుకుంటే మొదటి చరణం మంచిగనే నడుస్తది. చరణం పైకి పోయినప్పుడు మగవాళ్ల గొంతు అందదు, మూడో చరణానికి సగం మంది ఊరుకుంటరు, మిగిలినవాళ్లు సాగదీస్తరు. పెద్దవాళ్లకు పాట కంఠతా వచ్చు గానీ తలా ఒక తీరు. యూత్ పిల్లలకు అసలు తెలియదు. కీర్తనలు తీసేద్దామని కొందరంటున్నరు, నాకు మనసొప్పుతలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాజీపేట కీబోర్డు:
ముందు శ్రుతి చూడండి అక్కా. చాలా సంఘాల్లో పల్లవి గొంతుకు హాయిగా ఉన్న చోట ఎత్తుకుంటారు, చరణం ఎక్కడిదాకా పోతుందో చూడరు. తిరగేసి చేయాలి. పాటలో అన్నిటికంటే పై స్వరం ఏదో వెతికి, దాన్ని బట్టి షడ్జమం, అంటే సా, పెట్టుకోవాలి. ఆడవాళ్లకు పై స్థాయి డి, మగవాళ్లకు దానికి ఒక స్థాయి కింద ఉన్న డి, ఇంతవరకే పాడటం అలవాటు లేని గొంతు తేలిగ్గా పోతుంది.

ఉదాహరణకు మీరు రెండు శ్రుతిలో, అంటే డి లో పాడుతున్నారనుకోండి. చరణం తారాస్థాయి అంతర గాంధారం, అంటే పై స్థాయి గా, తాకితే అది ఎఫ్ షార్ప్. అందరి వల్లా కాదు. ట్రాన్స్‌పోజ్ మైనస్ 2 (కీబోర్డు శ్రుతి రెండు అర మెట్లు కిందికి) పెడితే షడ్జమం సి, గాంధారం ఇ అవుతుంది. ఆ స్వరాన్ని ఇట్లా తాకి అట్లా దిగితే ఇది చాలు. దాని మీద నిలబడి పాడాల్సి వస్తే మైనస్ 4 దాకా దించాలి. దించేముందు కింది వైపు కూడా చూసుకోండి. మంద్ర పంచమం (కింది స్థాయి పా) ఉన్న పాటను మరీ దించితే ఆడవాళ్ల గొంతు వినపడదు. పొద్దున ఆరాధనకు గొంతులు ఇంకా విచ్చుకోవు, సాయంత్రం శ్రుతి కంటే అర మెట్టు తగ్గించడం మేలు.

రెండోది, కార్డులు. మోహన రాగంలో మధ్యమం (మా), నిషాదం (నీ) లేవు. షడ్జమం సి అయితే ఎఫ్ మేజర్ కొట్టగానే మధ్యమం, జి మేజర్ కొట్టగానే నిషాదం వచ్చి చేరతాయి. పాడేవాళ్లకు కారణం తెలియకపోయినా స్వరం ఊగుతుంది. సి మేజర్, ఎ మైనర్ రెండిట్లో ఉన్నవన్నీ మోహన స్వరాలే, వాటితో నడపండి. ఆనందభైరవి లాంటి రాగాలకు కార్డులే వద్దు, సా పా పట్టి ఉంచి కుడిచేత్తో బాణీ వాయిస్తే సరిపోతుంది.

నర్సంపేట డోలక్:
సాగుడు రోగం తాళం దగ్గర పుడుతుంది. పాట పైన రాగంతో పాటు తాళం కూడా రాసి ఉంటుంది, అది చదవకుండానే కీబోర్డులో ఏదో ఒక రిథమ్ నొక్కేస్తారు. మిశ్రచాపు తాళానికి 7 అక్షరాలు, అంటే ఏడు లెక్కలు. కీబోర్డులో తేలిగ్గా దొరికేవి నాలుగు లెక్కవే కాబట్టి ఆ ఏడును ఎనిమిదికి సాగదీస్తారు. ప్రతి ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) ఒక అక్షరం ఊరికే బరువు. పాట ఈడ్చినట్టు అనిపించేది అందుకే. అట్లాంటి పాట ఉన్న రోజు రిథమ్ ఆపేసి డోలక్ ఒక్కటే పెట్టండి. క్వయిర్‌తో మాటలు లేకుండా ముందు “తకిట తకధిమి” అనిపించండి, 1, 4, 6 అక్షరాల మీద చప్పట్లు. పది నిమిషాలకు ఒంట్లోకి వస్తుంది.

ఆది తాళం పాటల్లో ఎత్తుగడతో ఇంకో చిక్కు. కొన్ని పల్లవులు దెబ్బ పడ్డాక అర అక్షరం ఆగి మొదలవుతాయి. జనం మొదటి మాట మీదే చప్పట్లు కొడతారు, అక్కడి నుంచి డోలక్ ఒక దారి, జనం ఒక దారి. పాట ఎత్తేముందు ఒక ఆవర్తం ఉత్త డోలక్ వాయించి, ఎత్తేవాళ్లు తల ఊపి చూపాలి.

నిమిషానికి 72 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, ఫోన్‌లో మెట్రోనోమ్‌తో నాలుగో చరణం దగ్గర కొలవండి. 60కి పడిపోతే వాయించేవాళ్లు జనం వెనక నడుస్తున్నట్టే లెక్క. దెబ్బ గట్టిగా కొడితే లాభం లేదు. పాదం చివర దీర్ఘం ఎన్ని అక్షరాలో ముందే తేల్చుకుని అందరూ అక్కడే తెంపాలి.

హనుమకొండ క్వయిర్:
మాది సరిగ్గా ఆ ఏడూ ఎనిమిదీ గొడవే అన్నా! మరి పాటలు తెలియని పిల్లలకు?

పరకాల కాపరి:
నెలకు ఒక్క కీర్తన చాలమ్మా, నాలుగు ఆదివారాలూ అదే. మొదటి వారం క్వయిర్ పాడాలి, సంఘం పల్లవి ఒక్కటే అందుకోవాలి. రెండో వారం నుంచి భజన పద్ధతి: ఒకరు పాదం చెప్పడం, అందరూ అనడం. అక్షరాలు రాని ఊళ్లలో విశ్వాసులకు క్రీస్తు శ్రమలూ పునరుత్థానమూ నోటికి వచ్చింది ఈ పద్ధతిలోనే. అందుకే చరణాలు కోయడం నాకు బాధగా ఉంటుంది. శ్రమల గురించిన పాటలో సమాధి దాకా పాడి, లేచిన చరణం దగ్గర “సమయం లేదు” అని ఆపితే సంఘం ఏం నమ్మి ఇంటికి పోవాలి? సమయం తక్కువైతే ప్రకటనలు తగ్గించండి.

మాటలు విప్పి చెప్పండి. దురితము అంటే పాపం, నెనరు అంటే ప్రేమ. పాటకు ముందు రెండే మాటలు, అర నిమిషం. అంతకుమించితే అది ఇంకో ప్రసంగం అవుతుంది. పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటివాళ్లు పల్లవి, చరణాల అచ్చులో రాశారు, తెలుగు మాట తన బరువుతోనే తాళంలో కూర్చుంటుంది. ఇంగ్లీషు బాణీలకు అనువదించినవి అట్లా కాదు. అక్కడ 8.6.8.6 అని అక్షరాలు లెక్క కుదిరినా హ్రస్వం మీద పొడుగు స్వరం పడి “దేవుడు” కాస్తా “దేవూడు” అవుతుంది. పిల్లలకు మొదట నేర్పడానికి అవి వద్దు.

ప్రభు బల్ల దగ్గర జనం వరుసగా వచ్చిపోయేటప్పుడు పుస్తకం చూడలేరు, అక్కడ అందరికీ వచ్చిన పాటే ఉండాలి. కొత్తది కానుకల సమయంలో పెట్టండి.

కాజీపేట కీబోర్డు:
ఒకటి మరిచిపోయాను. రెండో చరణం నుంచి పాట ఎత్తేవాళ్ల మైకు సగానికి తగ్గించండి. స్పీకర్లో ఒక్క గొంతే మోగుతుంటే మిగతా 80 మంది శ్రోతలైపోతారు. పక్కవాళ్ల గొంతు చెవిన పడితేనే మనిషి నోరు తెరుస్తాడు.

నర్సంపేట డోలక్:
చరణం చరణానికీ పల్లవి మొత్తం తిప్పకండి, మొదటి పాదం ఒక్కసారి చాలు. చివర మాత్రం నిండుగా రెండుసార్లు, రెండోసారి డోలక్ ఆపేసి ఉత్త గొంతులతో.