మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వీధిలో వాకింగ్ గ్రూపు, మానకుండా ఎలా రప్పించారు?

కడియం_కోడలు:
మాది రాజమండ్రి. మా అత్తయ్యగారికి 64, రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందన్నారు, ఆపరేషన్ దాకా ఇంకా రాలేదు కాబట్టి రోజూ కాసేపు నడవమన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చే చుట్టాలేమో అరిగిన కాళ్ళతో నడిస్తే ఉన్నది కూడా పోతుంది అంటారు, ఆవిడకి ఆ మాటే మనసులో నాటుకుపోయింది. బతిమాలి గోదావరి గట్టు మీదకి తీసుకెళ్తే అక్కడ వాకర్స్ అంతా చకచకా వెళ్ళిపోతారు, పది నిమిషాల్లో ఈవిడొక్కరే వెనకబడిపోయేవారు, నాలుగో రోజు నుంచి రానన్నారు. అందుకని మా వీధిలోనే ఇలా నొప్పులున్న ఏడుగురు ఆడవాళ్ళని పోగేసి పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టాను. మూడు వారాలైంది, ఇప్పుడు ముగ్గురే వస్తున్నారు. ఇలాంటి గ్రూపు నడిపినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_బిడ్డ:
అక్కా మా హన్మకొండల గూడ గిట్లనే అయింది. పబ్లిక్ గార్డెన్ల మా అమ్మ, వాళ్ళ దోస్తులు నడుస్తుండె, ఇద్దరు గట్టిగ నడిచేటోళ్ళు ముందుకు పోతుంటే మిగతోళ్ళు మానేసిన్రు. నొప్పికి కాదు అక్కా, సిగ్గుకు మానేసిన్రు, నేను ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగితెనే తెల్సింది. ఇగ అప్పటిసంది ఒకటే రూల్ పెట్టినం, అందరికన్న మెల్లగ నడిచే పెద్దమ్మ ముందల ఉంటది, ఆమెను ఎవ్వరు దాటొద్దు. రౌండ్లు లెక్కపెట్టుడు, ఫోన్ల అడుగులు చూపెట్టుకునుడు బంద్. ఈ బెంచీ నుంచి ఆ బెంచీ దాక పోతం, కూసుంటం, మళ్ళ లేస్తం. ఎనమండుగురు ఉన్నరు ఇప్పుడు. ఎవరన్న రాకుంటె పక్కింటామె పోయి పిలుస్తది, ఫోన్ చేస్తె రారు, గేటు కాడ నిలబడితె వస్తరు.

నెల్లూరు_ఫిజియో:
నేను ఫిజియోథెరపీ చేస్తానండి, ఈ "నడిస్తే అరుగుతుంది" అనే మాట రోజూ వింటాను. మోకాలి గుజ్జుకి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలినప్పుడు లోపలుండే ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కూర్చుండిపోతే తొడ కండ బలం తగ్గిపోతుంది, కండ తగ్గితే ఆ భారం కూడా కీలు మీదే పడుతుంది, నొప్పి ఎక్కువవుతుంది, ఇంకా కదలరు. బరువు ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఈ లెక్క చుట్టాలకి చెప్పండి. అయితే ఎంత నడవాలి అన్నదానికి ఒక గుర్తు ఉంది: నడిచాక నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే ఆ రోజు ఎక్కువైనట్టు, మర్నాడు తగ్గించండి గానీ మానెయ్యకండి. మొదట్లో పది నిమిషాలు చాలు, అది కూడా ఐదూ ఐదూగా చేసుకోవచ్చు. చేతికర్ర ఉన్నవాళ్ళు నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి, చాలామంది అదే వైపు పట్టుకుంటారు. బయల్దేరే ముందు కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు లెక్కపెట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు చేయించండి. హవాయి చెప్పులతో వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేయించండి. షుగరున్నవాళ్ళు ఇంటికెళ్ళగానే అరికాళ్ళు చూసుకోవాలి. మోకాలు వాచి ఎర్రగా వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా ఆ రోజు నడక లేదు, ముందు డాక్టరు.

విశాఖ_తీరం:
పై పోస్టులో మీరు పొద్దున్న ఆరింటికి అన్నారు కదా, మీ దగ్గర మానేసినవాళ్ళలో కీళ్ళవాతం, అదే రుమటాయిడ్ ఉన్నవాళ్ళు ఉన్నారేమో కనుక్కోండి. మా ఆవిడకి అదే. మామూలు అరుగుదలకి పొద్దున్న లేవగానే పట్టేసినా అరగంటలోపు వదిలేస్తుంది, దీనికి గంట పైనే పడుతుంది, వేళ్ళు ముడుచుకోవు, చెప్పు పట్టీ కూడా పెట్టుకోలేదు. ఇక్కడ బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్ళు ఆపేస్తారు, నడవడానికి అంత మంచి చోటు లేదు, ఆ టైముకి ఈవిడ మంచం దిగలేదు. నేను ఏడాదిపాటు బద్ధకం అనుకుని కసిరాను, ఇప్పటికీ బాధేస్తుంది. సాయంత్రం ఐదున్నరకి మార్చాక ఇంకో ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కలిశారు. ఇసుకలో మాత్రం నడిపించొద్దు, కాలు దిగబడి మర్నాటికి మడమ నుంచి మోకాలి దాకా లాగేస్తుంది. ఇంకోటి, దారిలో బాత్రూమ్ ఉందా చూసుకోండి, ఆడవాళ్ళు ఇది నోరు విప్పి చెప్పరు.

డాలస్_మాధురి:
మా అమ్మ ఆర్నెల్లు మా దగ్గరుండి వెళ్ళింది. ఇక్కడ ఆర్థరైటిస్ ఫౌండేషన్ వాళ్ళది వాక్ విత్ ఈజ్ అని ఆరు వారాల ప్రోగ్రాం ఉంది, వారానికి మూడుసార్లు. నాకు నచ్చిందేంటంటే అది రోజూ కాదు, మధ్యలో ఒక్కో రోజు కాళ్ళకి రెస్ట్ దొరుకుతుంది. నడిచే ముందు అందరూ కూర్చుని కాసేపు మాట్లాడుకుంటారు, ఈ వారం ఎక్కడ నొప్పి పెట్టింది, ఏం చేశావు అని. తర్వాత మెల్లగా మొదలుపెట్టి నడిచి, మళ్ళీ మెల్లబడి, కండలు సాగదీసుకుని ఇంటికి. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అందుకని ఆ పద్ధతే పట్టుకుని మా అపార్ట్‌మెంట్స్‌లో ఇండియా నుంచి వచ్చిన నలుగురు పెద్దవాళ్ళతో తెలుగులోనే చేశాం. ఆరు వారాలే అని చెప్పండి అక్కా, జన్మంతా అంటే ఎవరికైనా భయమేస్తుంది.

కడియం_కోడలు:
అందరికీ చాలా థాంక్సండి. మీరు చెప్పినవి చూశాక మానేసిన నలుగురి ఇళ్ళకీ వెళ్ళొచ్చాను. ఒకావిడకి నిజంగానే కీళ్ళవాతం, పొద్దున్న చేతులు కూడా ముడవలేరట, నేను అడగనేలేదు. ఇద్దరు ఓరుగల్లు చెల్లి చెప్పినట్టు సిగ్గుకే. ఇంకొకావిడ పొద్దున్న మనవడి స్కూల్ క్యారేజీ కట్టాలి. సాయంత్రానికి మార్చేశాను, సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే, ఆరు వారాలు. మా వీధిలో బెంచీలు లేవు కదా, పాత ఇళ్ళకి అరుగులున్నాయి, నాలుగిళ్ళ వాళ్ళని అడిగితే కూర్చోమన్నారు. అరుగు మరీ కిందకుంటే ఈవిడలు లేవలేరు, ఆ రెండు ఇళ్ళ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేయించాం. నిన్నటికి రెండో వారం, ఆరుగురు వచ్చారు. మూడో అరుగు ఇంటి మామ్మగారు రోజూ మమ్మల్ని చూస్తూ కూర్చునేవారు, నిన్న కర్ర తీసుకుని ఆవిడా దిగారు, ఇప్పుడు మా అందరికీ ముందు నడిచేది ఆవిడే.

నెల్లూరు_ఫిజియో:
మామ్మగారి కర్ర ఏ చేతిలో ఉందో ఒకసారి చూడండమ్మా.