తక్కువ బడ్జెట్‌లో యుద్ధం సినిమా తీయొచ్చా, తీయకూడదా?

రెండోఆట:
నిన్న మా సినిమా గ్రూపులో ఒకాయన "డబ్బుల్లేనివాడు యుద్ధం సినిమా జోలికి పోకూడదు, ఏదో ప్రేమకథ తీసుకోవాలి" అని తేల్చేశారు. పది మంది ఔనన్నారు. నాకు మాత్రం మింగుడుపడలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. యుద్ధం గురించి నన్ను నిజంగా కదిలించిన సినిమాలు చాలావరకు చేతిలో పైసలు ఆడనప్పుడు తీసినవే.

1951లో వచ్చిన 'ది స్టీల్ హెల్మెట్' తీసుకోండి. కొరియా యుద్ధం మొదలై అప్పటికి ఏడాది కూడా కాలేదు. శామ్యూల్ ఫుల్లర్ దాన్ని 10 రోజుల్లో, సుమారు లక్షా నాలుగు వేల డాలర్లతో పూర్తి చేశాడు. కొరియా అని మనకు చూపించింది లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కు, సైన్యమంటే ఓ 25 మంది కాలేజీ కుర్రాళ్లు, ట్యాంకేమో ప్లైవుడ్‌ది. ఇవన్నీ తెలిసి చూసినా ఆ గడ్డం సార్జెంటు చేతికి చిక్కిన ఖైదీని కోపం ఆపుకోలేక కాల్చేసే చోట ఒళ్లు జలదరిస్తుంది. అమెరికా సైన్యానికి ఆ సీను అస్సలు నచ్చలేదు. సైన్యం దగ్గర అసలు ట్యాంకులు తెచ్చుకుని తీసుంటే ఆ సీను ఉండనిచ్చేవాళ్లా? ట్యాంకు ఇచ్చేవాడు స్క్రిప్టు కూడా చూపించమంటాడు. ఫుల్లర్ స్వయంగా రెండో ప్రపంచ యుద్ధంలో కాల్బలంలో పోరాడి వచ్చినవాడు, తను చూసింది తను చెప్పాడు.

2009లో వచ్చిన ఇజ్రాయెల్ సినిమా 'లెబనాన్' కూడా అంతే. మొదట్లో, చివర్లో కనిపించే పొద్దుతిరుగుడు చేను తప్పిస్తే సినిమా మొత్తం ఒక ట్యాంకు లోపలే. బయట ఏం జరుగుతుందో ట్యాంకు ఫిరంగి పేల్చే గన్నర్ చూసే అద్దంలోంచే మనమూ చూస్తాం. దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 లెబనాన్ యుద్ధంలో ట్యాంకు గన్నరే. ఆ సినిమాకి వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడం కోసం లోపలే ఉండిపోయారు అనుకోండి, కానీ ట్యాంకులో ఉన్న కుర్రాడికి కూడా అంతకు మించి కనపడదు కదా.

కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా వినాలనే అడుగుతున్నా.

సీజీటేబుల్:
నేను కాదంటాను. రెండోఆట గారూ, మీరు ఇద్దరు ఫస్ట్ ర్యాంకు వాళ్ల మార్కులు చూపించి క్లాసంతా పాసైందంటున్నారు. నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) పని చేస్తున్నా, మీరు చూడని మిగతా సినిమాలన్నీ మా టేబుల్ మీదకే వస్తాయి.

ఎలా వస్తాయో చెప్తా. నటుడి చేతిలో డమ్మీ గన్ ఉంటుంది. పేలినట్టు మేం గొట్టం చివర మెరుపు అతికిస్తాం, కానీ అతని భుజం కదలదు, కళ్లు ఆర్పడు, కింద ఖాళీ తూటా గుల్ల ఒక్కటీ పడదు. పక్కన బాంబు పేలుతుంది, ఆ వెలుగు ఎవరి మొహం మీదా పడదు, ఎందుకంటే షూటింగ్ రోజు అక్కడ లైటు పెట్టి వెలిగించి ఆర్పాలని ఎవరికీ తోచలేదు, "సీజీలో చూసుకుందాం" అనేశారు. అదే పేలుడు క్లిప్పు మూడు సినిమాల్లో నేనే వాడాను. చూసేవాళ్లకి పేరు పెట్టి చెప్పడం రాకపోయినా ఏదో తేడాగా ఉందని కడుపులో తెలిసిపోతుంది. ఒక్కసారి అలా తెలిసిందా, ఆ తర్వాత చావుకి కూడా విలువ ఉండదు. యుద్ధం సినిమాలో చావుకి విలువ లేకపోతే ఇంకేం మిగిలింది?

గొప్పవాళ్లు కూడా దీన్ని తప్పించుకోలేదు. అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ మొదటి సినిమా 'ఫియర్ అండ్ డిజైర్', 1953లో వచ్చింది, బంధువుల దగ్గర డబ్బు తెచ్చి తీశాడు. శబ్దం లేకుండా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పిస్తే చవక అనుకున్నాడు, చివరికి ఆ శబ్దం పనే ఖర్చు పెంచేసింది. ఏ దేశమో తెలీదు, ఏ యుద్ధమో తెలీదు, సైనికులు నిలబడి కవిత్వం చెప్తుంటారు. తర్వాత ఆ సినిమాని ఎవరికీ చూపించకూడదని ఆయనే ప్రయత్నించాడు. అదే మనిషి నాలుగేళ్లకి 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' తీశాడు. అందులో దాడి సీనుకి జర్మన్ పోలీసుల్ని 600 మందిని సైనికులుగా పెట్టుకున్నాడు. ఆ కందకాల్లోంచి అంతమంది ఒక్కసారి లేచి వెళ్లి పడిపోవడం చూస్తే తప్ప, గెలవలేని దాడికి పొమ్మని ఆ ఫ్రెంచి జనరల్ ఇచ్చిన ఆర్డర్ ఎంత ఘోరమో మనకు తెలియదు. అక్కడ జనం లెక్కే కథ. అది ప్లైవుడ్‌తో రాదు.

ఇంకొకటి, ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. డబ్బు లేదని అవతలి సైనికుణ్ణి చూపించరు. చీకట్లోంచి తూటాలు వస్తాయి, అంతే. చూసేవాళ్లేమో "ఎంత బాగా కనపడకుండా పెట్టాడో" అని మెచ్చుకుంటారు. అవతల ఉన్నది కూడా ఒక తల్లి కొడుకే అని చెప్పాల్సిన బాధ్యత అలా జారిపోతోంది.

బీచ్‌రోడ్:
మాది విశాఖ. మీరిద్దరూ మన 'ఘాజీ' ఊసెత్తకుండా ఈ చర్చ ఎలా చేస్తున్నారో నాకర్థం కావట్లేదు. 2017లో వచ్చింది, సంకల్ప్ రెడ్డికి మొదటి సినిమా. మొదట్లో యూట్యూబ్ కోసం చిన్నగా తీద్దామనుకుని మొదలుపెట్టాడు. తర్వాత పెద్ద నిర్మాతలు వచ్చారు కాబట్టి మరీ పేద సినిమా అనను కానీ, మన పెద్ద హీరోల సినిమాల లెక్కలో చూస్తే చిన్నదే. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. థియేటర్లో నేనూ చప్పట్లు కొట్టాను. అయినా నాకొక కంప్లయింట్ ఉంది.

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ మీలో చాలామంది చూసే ఉంటారు, 2002 నుంచి అది మ్యూజియం. లోపలికెళ్తే గుమ్మం గుమ్మానికీ ఒంగి దూరాలి, ఒంగకపోతే తలకి బొప్పి కడుతుంది. 75 మంది నెలల తరబడి అందులోనే బతికేవాళ్లట. ఆ ఇరుకు, ఆ ఆయిల్ వాసన నాకు తెలుసు కాబట్టి 'ఘాజీ'లో సెట్ నాకు కాస్త విశాలంగా అనిపించింది, అయినా అది వదిలేస్తా.

అసలు సంగతి చరిత్ర. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మా హార్బర్ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ పీఎన్ఎస్ ఘాజీ మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వేటాడ్డానికి వచ్చింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటిలో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నేవీ చెప్తుంది, లోపల జరిగిన పేలుడు వల్లో తను పరిచిన మైన్ల (మందుపాతరల) వల్లో మునిగిందని పాకిస్తాన్ చెప్తుంది. సినిమాలో రాజ్‌పుత్ పోయి ఎస్-21 అనే సబ్‌మెరైన్ వచ్చింది. ఇది కల్పన అని ముందే వేశారు, నిజమే. కానీ మా అన్న కొడుకు బీచ్‌రోడ్డులో ఆ 1971 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర నిలబడి "బాబాయ్, ఎస్-21 ఎక్కడుంది, చూపించు" అని అడిగాడు. వాడికేం చెప్పాలి? నా అనుమానం ఏంటంటే, నడిసముద్రంలో యుద్ధనౌకని చూపించడం కంటే నాలుగు గోడల మధ్య రెండు సబ్‌మెరైన్ల పోరు చవకగా తెమిలిపోతుంది, టెన్షన్ కూడా బాగా పండుతుంది. అంటే జేబులో డబ్బు ఎంతుందో చూసుకుని చరిత్ర రాసుకున్నట్టే కదా.

రెండోఆట:
బీచ్‌రోడ్ గారూ, మీ అన్నగారి అబ్బాయి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా. దర్శకుడు నిజంగా డబ్బు చూసే అలా మార్చాడా అన్నది మనం అనుకోవడమే, కథ రక్తి కట్టడం కోసమూ మార్చి ఉండొచ్చు. కానీ ఎందుకు మార్చినా స్తూపం దగ్గర నిలబడ్డ పిల్లాడికి ఒకటే.

సీజీటేబుల్ అన్నా, 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' మీద మాత్రం నేను తగ్గను. ఆ దాడి ఉండేది కొన్ని నిమిషాలే. సినిమా మొత్తం గుర్తుండిపోయేది కోర్టు మార్షల్ (సైనిక విచారణ) గది, దాడి విఫలమైందని పిరికితనం నేరం మోపి ముగ్గురు సైనికుల్ని కాల్చేయడానికి స్తంభాలకి కట్టే ఉదయం. దానికి 600 మంది అక్కర్లేదు.

అవతలివాణ్ణి చూపించరన్న మాట మాత్రం బాగా తగిలింది, ఎందుకంటే అది చాలాచోట్ల నిజం. కానీ 'టాంజరీన్స్' చూశారా? 2013, ఎస్టోనియా, జార్జియా కలిసి తీసిన సినిమా, మన ఊళ్లో ఒక మామూలు సినిమా ఖర్చు కూడా కాదు అది. 1992లో జార్జియా నుంచి విడిపోవాలనుకున్న అబ్ఖాజియాలో యుద్ధం. అక్కడ స్థిరపడ్డ ఎస్టోనియా వాళ్లంతా ఊరొదిలి వెళ్లిపోతే కమలాపళ్లు కోతకొచ్చాయని ఇద్దరు మాత్రం ఆగిపోతారు, ఒకాయన పళ్లు పండిస్తాడు, ఇంకొకాయన పెట్టెలు చేస్తాడు. వాళ్ల గుమ్మం ముందు కాల్పులు జరిగి అబ్ఖాజియా వైపు పోరాడే ఒక చెచెన్, అవతలి వైపు ఒక జార్జియన్ గాయాలతో మిగులుతారు. ఇద్దరినీ ఒకే ఇంట్లో పడుకోబెట్టి, నా ఇంట్లో చంపుకోవడానికి వీల్లేదని పెద్దాయన మాట తీసుకుంటాడు. పక్క గదిలో శత్రువు దగ్గుతుంటే వీడు వింటూ ఉంటాడు. అవతలివాడి మొహం చూడ్డానికి రెండు మంచాలు చాలు. అలా చూపించనివాళ్లకి డబ్బు లేక కాదు, రాసేటప్పుడే ఆ ఆలోచన రాలేదు.

కృష్ణానగర్‌కుర్రాడు:
మూడేళ్ల క్రితం నేను కార్గిల్ మీద 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను, మూడు లక్షలైంది, అందులో రెండు లక్షలు అప్పు. సీజీటేబుల్ అన్న చెప్పిన తప్పులన్నీ అందులో ఉన్నాయి. భుజం కదలకపోవడంతో సహా.

డ్రెస్సులు అద్దెకిచ్చే షాపువాడు ఆరుగురికి యూనిఫారాలిచ్చాడు, అందులో మూడు 2022లో ఆర్మీ కొత్తగా తెచ్చిన డిజైన్‌వి. కథ 1999ది. నాకు తేడా తెలియలేదు. యూట్యూబ్‌లో పెట్టాక రిటైర్డ్ హవల్దార్ ఒకాయన కింద కామెంట్ రాశారు, తిట్టలేదు, "బాబూ, మేము అక్కడున్నప్పుడు ఈ బట్టలు లేవు, బూట్లు కూడా ఇలా కట్టం" అని మర్యాదగా రాశారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆయన్ని షూటింగ్‌కి ముందు అడిగుంటే పైసా ఖర్చయ్యేది కాదు. నన్నడిగితే తక్కువ బడ్జెట్ సినిమాలకి అసలు జబ్బు ఇదే. డబ్బు లేదన్న సాకు కింద, డబ్బు అక్కర్లేని పనులు కూడా ఎగ్గొట్టేస్తాం. జుట్టు కత్తిరించుకోమని నటుల్ని గట్టిగా అడగలేదు. గన్ను ఎలా పట్టుకోవాలో ఒక్క పూట నేర్పించలేదు. క్వారీలో షూటింగ్ చేస్తూ పోలీస్ స్టేషన్‌లో ముందు చెప్పలేదు, గొర్రెల కాపరి భయపడి ఫోన్ చేస్తే వాళ్లొచ్చి సగం రోజు ఆపేశారు, వాళ్ల తప్పేం లేదు.

బాగా వచ్చింది ఒక్క సీనే. బంకర్‌లో సత్తుగ్లాసులో టీ, పైన ఫిరంగి మోత, ప్రతి మోతకీ టీ మీద చిన్న అల, గ్లాసు బల్ల అంచు వైపు జరుగుతూ ఉంటుంది, తీసేవాడు లేడు. బల్ల కింద మా తమ్ముడు కూర్చుని గుద్దాడు. మోత కోసం సౌండ్ ఇంజనీరు మూడు రాత్రులు కూర్చున్నాడు. చూసినవాళ్లంతా ఆ గ్లాసు గురించే మాట్లాడారు.

సీజీటేబుల్:
తమ్ముడూ, ఆ గ్లాసు సీను లింక్ పంపు. ఇది నిజంగా అడుగుతున్నా.

రెండోఆట గారూ, 'టాంజరీన్స్' విషయంలో మీదే కరెక్టు. బ్రిటిష్ వాళ్ల 'కజాకీ' కూడా నేను మర్చిపోయాను. 2006 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లో పాత సోవియట్ మైన్ల మధ్య ఇరుక్కున్న సైనికుల నిజం కథ, జోర్డాన్‌లో తీశారు. ఒక ఎండిపోయిన వాగు, కొందరు మనుషులు, అడుగు తీసి అడుగు వేయాలంటే ప్రాణం పోతుంది. శత్రువు లేడు నిజమే, కానీ అక్కడ నిజంగానే లేడు, మట్టిలో ఎవరో ఎప్పుడో పాతిపెట్టి పోయారు. అక్కడ చూపించకపోవడమే నిజాయితీ. కానీ అందరూ ఒకే గదిలో, ఒకే ట్యాంకులో, ఒకే బంకర్‌లో ఇరుక్కున్న కథలే తీస్తుంటే కొన్నాళ్లకి యుద్ధమంటే ఇరుక్కున్న ఆరుగురు మగాళ్లే అనుకుంటాం. ఈ మాట మీద మాత్రం నేను నిలబడతా.

మాధవరంఅమ్మాయి:
ఇంతసేపూ చదువుతున్నా, ఆ చివరి మాట చూసి రాయాలనిపించింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మాది. మిలటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మా ఊళ్లో సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. 1999లో నాన్న సరిహద్దులో ఉన్నారు, నాకు తొమ్మిదేళ్లు.

మీరు చెప్పిన సినిమాలన్నీ గొప్పవే కావచ్చు, చూస్తాను. కానీ మా ఇంట్లో జరిగిన యుద్ధం ఏ సినిమాలోనూ నాకు కనిపించలేదు. దానికి ట్యాంకూ అక్కర్లేదు, బంకరూ అక్కర్లేదు, ప్లైవుడ్ కూడా అక్కర్లేదు. టీవీ వార్తలు మొదలవగానే అమ్మ సౌండ్ తగ్గించేది, మేం వినకూడదని, తనేమో టీవీకి మూరెడు దూరంలో కూర్చునేది. వీధి చివర ఎస్టీడీ బూత్ ఆయన మా ఇంటి వైపు నడిచొస్తుంటే పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చి నిలబడేవాళ్లు. ఆయన మొహం చూసేదాకా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నాన్న తిరిగొచ్చారు. నల్ల ట్రంకుపెట్టె మీద తెల్ల రంగుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు ఉండేవి. మా వీధిలోనే ఇంకో ఇంటికి పెట్టె వచ్చింది, మనిషి రాలేదు. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక చాలా రోజులు తెరవలేదు.

చిన్న సినిమాలు తీసేవాళ్లకి ఇదంతా అందుబాటులోనే ఉంది కదా. మరి ఎందుకు అందరూ బంకర్‌లోకే వెళ్తున్నారు? నేను వాదించడానికి అడగట్లేదు, తెలుసుకోవాలని అడుగుతున్నా.

కృష్ణానగర్‌కుర్రాడు:
అక్కా, నా సంగతి చెప్తా. నాకు గన్ను పట్టుకోవాలనుండేది, అందుకే బంకర్‌లోకి వెళ్లా. ఇంటి వైపు చూడాలని నాకసలు తట్టలేదు.

నాన్నగారి పెట్టె ఇంకా ఉందా? మీకు అభ్యంతరం లేకపోతే సంక్రాంతి తర్వాత ఒకసారి వస్తాను, అమ్మగారితో మాట్లాడనివ్వండి చాలు. కెమెరా తేను, నోట్‌బుక్ ఒక్కటే తెస్తా.

మాధవరంఅమ్మాయి:
ఉంది. అమ్మ దాని మీద బియ్యం బస్తా పెట్టుకుంది. రండి, బస్తా దించడానికి ఒక మనిషి సాయం కూడా కావాలి.